ఇంగ్లీషు మాటల పుట్టుక: కథలెన్నో, సాక్ష్యం ఎక్కడ?

న్యూస్ అనే మాట నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలతో తయారైందని జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో, కొన్ని క్లాసురూముల్లో కూడా చెబుతుంటారు. వార్తలు నాలుగు దిక్కుల నుంచీ వస్తాయి కాబట్టి వినగానే నిజమే అనిపిస్తుంది. అసలు సంగతి చాలా సాదాసీదాగా ఉంటుంది. న్యూ అంటే కొత్త. దాని బహువచనం న్యూస్, అంటే కొత్త సంగతులు. 14వ శతాబ్దం చివరి నుంచే ఈ వాడుక రాతల్లో దొరుకుతోంది. ఫ్రెంచివాళ్లు వార్తలకు వాడే నూవెల్ కూడా కొత్త అనే మాటలోంచే వచ్చింది. పైగా పాత రాతల్లో న్యూస్ స్పెల్లింగు ఎన్-ఇ-డబ్ల్యు-ఇ-ఎస్ అని ఉండేది. దిక్కుల కథే నిజమైతే ఆ రెండో ఇ ఏ దిక్కు?

ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. ఇష్టంగా చెప్పుకుంటాం, పిల్లలకు నేర్పుతాం, క్విజ్ పోటీల్లో అడుగుతాం. వాటిలో చాలావరకు అబద్ధాలు. ఇదేమంత పెద్ద విషయమని కొట్టిపారేయడానికి లేదు. ఒక మాట చరిత్ర అంటే దాన్ని వాడిన మనుషుల చరిత్ర. కట్టుకథ దాని స్థానంలోకి వస్తే ఆ మనుషులు కనపడకుండా పోతారు. ఏది కథ, ఏది చరిత్ర అని తేల్చడానికి గట్టి పద్ధతులు ఉన్నాయి. భాషాశాస్త్రం చదవనివాళ్లు కూడా వాటిని తేలిగ్గా పట్టుకోగలరు.

అక్షరాల కథలనే ముందు తీసుకుందాం. గోల్ఫ్ అంటే 'జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్‌బిడెన్' అట. టిప్ అంటే 'టు ఇన్‌ష్యూర్ ప్రాంప్ట్‌నెస్' అట. రెండూ తప్పే. గోల్ఫ్ పేరు స్కాట్లాండ్ పార్లమెంటు 1457లో చేసిన చట్టంలోనే ఉంది. జనం విలువిద్య సాధన మానేసి ఫుట్‌బాల్, గోల్ఫ్ ఆడుతున్నారని ఆ రెండింటినీ నిషేధించిన చట్టం అది. ఆ కాలంలో ఇంగ్లీషువాళ్లకు అక్షరాలు పోగేసి మాటలు కట్టే అలవాటే లేదు. టిప్ 17వ శతాబ్దపు దొంగల పరిభాషలోని మాట. చేతికందించడం, ఇవ్వడం అని అర్థం. సర్వర్లకు ఇచ్చే డబ్బు అనే అర్థం తర్వాత వచ్చింది.

మొదటి అక్షరాలు కలిపి మాట చేసి దాన్ని మామూలు పదంలా పలకడం దాదాపుగా 20వ శతాబ్దపు అలవాటు. రాడార్, లేజర్, స్కూబా అలా పుట్టినవే. అలాంటి మాటలకు ఇంగ్లీషులో ఉన్న ఆక్రనిమ్ అనే పేరే 1940ల్లో వాడుకలోకి వచ్చింది. కాబట్టి నాలుగైదు వందల ఏళ్ల నాటి మాటకు ఎవరైనా ఇలాంటి విస్తరణ చెబితే అక్కడే అనుమానించవచ్చు.

పోష్ అనే మాట కథకు మన దేశంతో ముడి ఉంది. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు ఓడలో వచ్చేటప్పుడు ఎడమవైపు కేబిన్లకు ఎండ తక్కువ తగులుతుంది, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు కేబిన్లకు తక్కువ తగులుతుంది. డబ్బున్నవాళ్లు రానూపోనూ చల్లటి కేబిన్లే తీసుకునేవారు, వాళ్ల టికెట్ల మీద 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అన్నదానికి పొడి అక్షరాలు వేసేవారు అని చెబుతారు. దిక్కుల లెక్క సరిగ్గానే ఉంది. కానీ అలా ముద్ర వేసిన టికెట్ ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. పోష్ అంటే దర్జా అనే అర్థం 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే అచ్చులో కనిపిస్తుంది. ఓడ కథ 1930ల్లో గానీ అచ్చెక్కలేదు. ముందు మాట, తర్వాత కథ.

ఇక ఓకే. తెలుగులో రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేని ఈ మాట నిజంగానే పొడి అక్షరాల నుంచి పుట్టింది. అందుకే దీని పుట్టుకను కనిపెట్టడం మరీ కష్టమైంది. అమెరికా మూలవాసుల్లో చోక్టా తెగ భాష నుంచి వచ్చిందని ఒకరు, గ్రీకు నుంచని ఒకరు, స్కాట్లాండు నుంచని మరొకరు అన్నారు. యుద్ధంలో సున్నా మంది చనిపోయారని రాసే గుర్తు అని కూడా ఒక కథ ఉంది. అలెన్ వాకర్ రీడ్ అనే అమెరికన్ పరిశోధకుడు పాత పత్రికలన్నీ తిరగేసి 1963-64లో దీన్ని తేల్చాడు. 1838-39 ప్రాంతంలో బోస్టన్ పత్రికలవాళ్లకు ఒక సరదా పట్టుకుంది. మాటలను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, వాటి మొదటి అక్షరాలను మాత్రమే వేసేవారు. 'ఆల్ రైట్'కు ఓ డబ్ల్యు అని వేసేవారు. అదే వరసలో 'ఆల్ కరెక్ట్'కు తప్పుడు స్పెల్లింగు కట్టి ఓ కె అన్నారు. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అది అచ్చయింది.

ఆ సరదాలో పుట్టిన మిగతా పొట్టి మాటలన్నీ ఏడాది రెండేళ్లలో మాయమయ్యాయి. ఓకే మాత్రం బతికింది. 1840 ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మళ్లీ పోటీ చేశాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అనుచరులు ఆయన్ని ముద్దుగా ఓల్డ్ కిండర్‌హుక్ అనేవారు. దాని పొడి అక్షరాలూ అవే కావడంతో ఊరూరా ఓకే క్లబ్బులు వెలిశాయి. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు గానీ ఆయన నినాదం ప్రపంచమంతా పాకింది. ఇంత నమ్మలేని కథ నిజమెలా అయింది, అంత అందమైన దిక్కుల కథ అబద్ధమెలా అయింది అంటే జవాబు ఒకటే. దీనికి తేదీ వేసిన కాగితం ఉంది, దానికి లేదు.

తేదీకి ఇంత విలువ తెచ్చింది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు. 1857లో లండన్ భాషావేత్తల సంఘంలో ఈ ఆలోచన మొదలైంది. 1879లో జేమ్స్ మర్రీ సంపాదకుడయ్యాడు. 1884లో తొలి భాగం, 1928లో చివరి భాగం వెలువడ్డాయి. మర్రీ 1915లోనే చనిపోయాడు, పని పూర్తి కావడం చూడలేదు. వేలమంది మామూలు చదువరులు జీతం లేకుండా దీనికి సాయపడ్డారు. చదివిన పుస్తకంలో ఒక మాట ప్రత్యేకంగా కనిపిస్తే చిన్న చీటీ మీద ఆ మాట, రచయిత, పుస్తకం, సంవత్సరం, పేజీ, ఆ వాక్యం మొత్తం రాసి పంపడమే వాళ్ల పని. మర్రీ తన ఇంటి పెరట్లో వేసుకున్న రేకుల షెడ్డులో ఆ చీటీలను గూళ్లలో సర్ది, ఒక్కో మాటకు పాత చీటీ నుంచి కొత్త చీటీ వరకు వరస పేర్చేవాడు. అచ్చయిన నిఘంటువులో అలాంటి ఉదాహరణ వాక్యాలు 18 లక్షలకు పైనే. ఒక మాట గురించి ఎవరేం చెప్పినా, ఈ వరసలో అది ఎక్కడ కూర్చుంటుందో చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది.

తేదీలతో తేలని ప్రశ్నలు కూడా ఉంటాయి. రాత పుట్టకముందు సంగతి ఎలా తెలుసుకోవాలి? ఇక్కడ చాలామంది పోలికను నమ్ముకుంటారు. నామం, నేమ్ ఒకలాగే ఉన్నాయి. దంతం, డెంటల్ ఒకలాగే ఉన్నాయి. కాబట్టి ఇంగ్లీషు సంస్కృతం నుంచే పుట్టిందనే ప్రచారం జోరుగా సాగుతోంది. నిజానికి పోలిక ఒక్కటే ఎప్పుడూ సాక్ష్యం కాదు. రసీదు, రిసీట్ అర్థంలోనూ ధ్వనిలోనూ ఎంత దగ్గరో చూడండి. రసీదు పారసీ నుంచి వచ్చింది, చేరింది అని దాని అర్థం. రిసీట్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, తీసుకోవడం అని దాని మూలార్థం. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు.

పోలిక కంటే గట్టి సాక్ష్యం తేడాలో ఉంటుంది. ఆ తేడా ఒక పద్ధతి ప్రకారం మళ్లీ మళ్లీ రావాలి. తెలుగువాళ్లకు ఇది ఇంటి పక్కనే కనిపిస్తుంది. మన చెవి కన్నడంలో కివి. మన చెరువు వాళ్ల కెరె. మన చెడు వాళ్ల కెడు. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు కన్నడంలో క ఉన్నచోట తెలుగులో చ ఉంటోంది. ఒక మాటలో అలా ఉంటే కాకతాళీయం అనవచ్చు. పదుల మాటల్లో అదే వరస ఉంటే ఆ రెండు భాషలూ ఒకే తల్లి పిల్లలని అర్థం.

ఇంగ్లీషు, సంస్కృతాల మధ్య ఉన్నది అలాంటి సంబంధమే. సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని, ఆ మూలభాష ఇప్పుడు ఉండకపోవచ్చని అన్నాడు. 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ ఆ కుటుంబంలో ఇంగ్లీషు, జర్మన్ భాషలున్న జర్మానిక్ శాఖలో జరిగిన హల్లుల మార్పును సూత్రంగా చెప్పాడు. సంస్కృతంలో ప ఉంటే ఇంగ్లీషులో ఫ వస్తుంది. పితృ అంటే ఫాదర్, పాదం అంటే ఫుట్, పంచ అంటే ఫైవ్, పూర్ణం అంటే ఫుల్. ద ఉంటే ట వస్తుంది. ద్వి అంటే టూ, దశ అంటే టెన్, దంతం అంటే టూత్, దారువు అంటే ట్రీ. త ఉంటే థ వస్తుంది. త్రి అంటే త్రీ, తనువు అంటే థిన్, తృష్ణ అంటే థర్‌స్ట్. తనువు తెలుగులో శరీరమే అయినా సంస్కృతంలో సన్నని అనే అర్థం కూడా ఉంది.

దంతానికి డెంటల్ దగ్గరగా కనిపిస్తుంది గానీ, ఇంగ్లీషువాళ్ల సొంత మాట టూత్. డెంటల్ వాళ్లు చాలా తర్వాత లాటిన్ నుంచి తెచ్చుకున్న అరువు మాట. లాటిన్‌లో ద మారలేదు కాబట్టి మన చెవికి దగ్గరగా వినిపిస్తుంది. అలాగే ఫుట్ సొంతం, పెడల్ అరువు. టెన్ సొంతం, డెసిమల్ అరువు. ఇంగ్లీషు నిఘంటువు నిండా ఇలాంటి జంటలే. మన చెవికి బాగా దగ్గరగా వినిపించే మాట చాలాసార్లు అరువు మాటే అవుతుంది, దూరంగా వినిపించేది రక్తసంబంధి అవుతుంది.

ఈ లెక్క ఎంత చక్కగా పనిచేస్తుందో ట్యూజ్‌డే అనే ఒక్క మాటలోనే చూడవచ్చు. మొదటి భాగం టీవ్ అనే పాత జర్మానిక్ దేవుడి పేరు. సూత్రం ప్రకారం ఆ ట స్థానంలో సంస్కృతంలో ద ఉండాలి. ఉంది. ఆ మాట దేవ. మంగళవారం అనే ఇంగ్లీషు మాటలో మన దేవుడి పేరుకు జ్ఞాతి పదం, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టం మాట, దాగి ఉందన్నమాట. ఇక రెండో భాగం డే. దినం, దివసం, లాటిన్‌లో రోజుకు వాడే దియెస్, వీటన్నిటికీ డే చుట్టమేనని ఎవరికైనా అనిపిస్తుంది. కాదు. వాటిలో ద ఉంది కాబట్టి ఇంగ్లీషు జ్ఞాతి పదంలో ట రావాలి, డ రాకూడదు. డే వేరే మూలం నుంచి వచ్చిన మాట. ఒకే మాటలో పోలిక లేని ముక్క చుట్టమైంది, పోలిక ఉన్న ముక్క పరాయిదైంది.

నైట్ కూడా చూడదగ్గ మాట. దాని స్పెల్లింగులో పలకని జి-హెచ్ ఎందుకుందని విసుక్కోని విద్యార్థి ఉండడు. ఒకప్పుడు దాన్ని గొంతులోంచి వచ్చే హ లాంటి ధ్వనితో పలికేవారు. జర్మన్ నాఖ్ట్‌లో ఇప్పటికీ ఆ ధ్వని ఉంది. సంస్కృతంలో దాని స్థానంలో క కనిపిస్తుంది. కార్తీక మాసంలో పగలంతా ఉపవాసం ఉండి నక్షత్ర దర్శనమయ్యాక భోజనం చేయడాన్ని నక్తం అంటాం. నక్తం అంటే రాత్రి. నైట్‌లోని జి-హెచ్, నక్తంలోని క ఒకే పాత ధ్వనికి మిగిలిన గుర్తులు.

ఇంగ్లీషు సంస్కృతానికి దాయాదుల పిల్ల, కూతురు కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే నెలల పేర్ల ఫార్వర్డు ఏటా తిరుగుతూనే ఉంటుంది. సప్తాంబర్, అష్టాంబర్, నవాంబర్, దశాంబర్ అనే సంస్కృత పదాలే సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అయ్యాయని, అంబరం అంటే ఆకాశమని అందులో ఉంటుంది. అంకెల చుట్టరికం నిజమే. లాటిన్‌లో ఏడు సెప్టెమ్, ఎనిమిది ఒక్టో, తొమ్మిది నొవెమ్, పది దెకెమ్. సప్త, అష్ట, నవ, దశలకు అవి జ్ఞాతులు. రోమన్ల సంవత్సరం ఒకప్పుడు మార్చిలో మొదలయ్యేది కాబట్టి డిసెంబర్ పదో నెల. ఆకాశానికి మాత్రం ఇందులో చోటు లేదు. జూలై, ఆగస్టు నెలలకు రోమన్లు ముందు పెట్టుకున్న పేర్లు క్వింటిలిస్, సెక్స్‌టిలిస్. ఐదోది, ఆరోది అని అర్థం. నెలల పేర్లలో అంబరమే ఉంటే ఈ రెండింటిలోనూ ఉండాలి కదా. క్రీస్తుపూర్వం 44లో జూలియస్ సీజర్ పేరు, క్రీస్తుపూర్వం 8లో అగస్టస్ పేరు పెట్టాక ఆ అంకెలు మరుగునపడ్డాయి.

ఒక్కోసారి ప్రయాణం అటు నుంచి ఇటు జరిగింది. కేంద్రం, సెంటర్ అనే మాటలు రెండూ గ్రీకు కెంట్రాన్ నుంచి వచ్చాయి. సూదిమొన, వృత్తలేఖిని గుచ్చే చోటు అని దాని అర్థం. లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు వెళ్లింది, జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి వచ్చింది. హోర కూడా అంతే. పంచాంగంలో గురు హోర, శుక్ర హోర అని చూసుకునే ఆ మాట గ్రీకు హోరా. ఇంగ్లీషు అవర్ కూడా దాని నుంచే. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. అహోరాత్రం అనే మాటలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోరా మిగులుతుందని కొందరు అంటారని రాశాడు. న్యూస్‌కు నాలుగు దిక్కులు అతికించిన బుద్ధే పదిహేను వందల ఏళ్ల కింద ఇక్కడా పనిచేసింది. యవనుల, అంటే గ్రీకుల, శాస్త్రజ్ఞానాన్ని మనసారా గౌరవించిన మనిషి వరాహమిహిరుడు. అయినా చేతికందిన అందమైన వివరణను వదిలిపెట్టలేదు. మాటకు సొంత భాషలోనే మూలం చూసుకోవాలనే కోరిక అంత బలమైనది.

తెలుగు కూడా ఇలాంటి పొరపాటుకు గురైందే. ఇన్ని సంస్కృత పదాలు ఉన్నాయి కాబట్టి తెలుగు సంస్కృతంలోంచే పుట్టిందని 19వ శతాబ్దం మొదట్లో పండితులు చాలామంది నమ్మేవారు. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో దాన్ని కాదన్నాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి అవి ఒకే కుటుంబమని చూపించాడు. మచిలీపట్నానికి చెందిన నిఘంటుకర్త మామిడి వెంకయ్య తత్సమ, తద్భవ, దేశ్యాల గురించి చెప్పిన మాటలను ఆయన ఆధారంగా తీసుకున్నాడు. అరువు మాటలు ఎన్నయినా ఉండవచ్చు, భాష పుట్టుకను చెప్పేది మాత్రం ఎవరి దగ్గరా తెచ్చుకోనక్కర్లేని కన్ను, చెవి, రెండు, మూడు లాంటి మాటలు. ఇంగ్లీషుకూ ఇదే కొలత. దాని నిఘంటువులో సగానికి పైగా ఫ్రెంచి, లాటిన్ మాటలే అయినా అది జర్మానిక్ భాషే.

తెలుగు నుంచి నిజంగా ఇంగ్లీషులోకి వెళ్లిన మాట ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ గర్వంగా ఫార్వర్డు చేయరు. అది పందికొక్కు. కొక్కు అంటే ఎలుక. పందిలా గురగురమంటుంది, ఒళ్లూ పెద్దది. కోరమాండల్ తీరంలో గోదాముల కింద బొరియలు చేసి బస్తాలకు బస్తాలు తినేసే ఆ జంతువు ఈస్టిండియా కంపెనీ వర్తకులకు పెద్ద తలనొప్పి. దానికి వాళ్ల భాషలో పేరు లేదు. ఊళ్లోవాళ్లు అన్న పేరునే బ్యాండికూట్ అన్నారు. 18వ శతాబ్దం చివరికి అది ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంది. తర్వాత జంతుశాస్త్రజ్ఞులు ఆ ప్రజాతికి పెట్టిన శాస్త్రీయ నామం కూడా బ్యాండికోటా.

ఆ మాట అక్కడితో ఆగలేదు. 1790ల చివర్లో ఆస్ట్రేలియా వెళ్లిన జార్జ్ బాస్ లాంటి అన్వేషకులకు పొడుగు ముక్కుతో నేల తవ్వే ఒక చిన్న జంతువు కనపడింది. అది ఎలుక కాదు, కంగారూలా పిల్లలను సంచిలో పెంచే జాతి. చూడ్డానికి పందికొక్కులా ఉందని బ్యాండికూట్ అనేశారు. ఇవాళ ప్రపంచంలో ఆ మాట వినగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఆ జంతువే. ఆస్ట్రేలియా వాడుకలో అది క్రియ కూడా అయింది. పైన మొక్క కదలకుండా కింద మట్టిలోంచి బంగాళాదుంపలు మాత్రం తవ్వి దొంగిలించడం అని అర్థం. ధాన్యం కొట్టేసే పందికొక్కు స్వభావం కొత్త ఖండంలో కొత్త జంతువుకు, అక్కడి నుంచి మనుషులకు అంటుకుంది. అరువు మాటకు సాక్ష్యం ఎలా ఉంటుందో ఇందులో పూర్తిగా కనిపిస్తుంది. మాటను ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు కలిసిన చోటు తెలుసు. కాలం తెలుసు. తీసుకోవాల్సిన అవసరమూ తెలుసు. సంస్కృతం నుంచి ఫలానా ఇంగ్లీషు మాట వచ్చిందని ఎవరైనా అంటే ఈ మూడింటినీ అడగడం సబబు.

తప్పుడు వ్యుత్పత్తి వల్ల నష్టమేంటని అడిగేవాళ్లకు ఇంగ్లీషు స్పెల్లింగే జవాబు. ఐలాండ్‌లో ఎస్ ఎందుకుంది? పాత ఇంగ్లీషులో ఆ మాటకు ఎస్ లేదు, ఎవరూ పలకలేదు. లాటిన్ ఇన్సులా నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఐల్ అనే వేరే మాట ఉంది. రెండూ ఒకటేననుకుని చదువుకున్నవాళ్లు ఐలాండ్‌లోనూ ఒక ఎస్ పెట్టేశారు. డెట్ అనే అప్పు మాట ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చింది. లాటిన్ దెబితుమ్‌ను గుర్తుచేయాలనే పట్టుదలతో 16వ శతాబ్దపు పండితులు బి చేర్చారు. ఇక్కడ చుట్టరికం నిజమే గానీ, ఆ అక్షరాన్ని పలికినవాళ్లు ఇంగ్లండులో ఏనాడూ లేరు. డౌట్‌లో బి, రిసీట్‌లో పి కూడా పాండిత్యం వల్ల వచ్చినవే. రిసీట్ లాంటివే అయిన డిసీట్, కన్‌సీట్ మాటలకు మాత్రం పి పెట్టడం మరిచిపోయారు. ఆ పండితుల ఉత్సాహానికి మూల్యం గుంటూరులోనో కరీంనగర్‌లోనో డిక్టేషన్ రాస్తున్న పిల్లలు ఇప్పటికీ చెల్లిస్తున్నారు.

నిజమైన వ్యుత్పత్తితోనూ ఒక ప్రమాదం ఉంది. మూలార్థమే అసలైన అర్థం అనుకోవడం అది. నైస్ అనే మాట లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో మూర్ఖుడు అనే అర్థమే దానికి ఉండేది. అక్కడి నుంచి పిరికి, సుకుమారం, సున్నితం, చక్కని అంటూ మెట్టుమెట్టుగా మారింది. సిల్లీ దానికి ఎదురుదారిలో నడిచింది. ఒకప్పుడు ధన్యుడు, తర్వాత అమాయకుడు, పాపం అనిపించేవాడు, చివరికి తెలివితక్కువవాడు. ఇవాళ ఎవరినైనా నైస్ అంటే తిట్టినట్టు కాదు, సిల్లీ అంటే దీవించినట్టూ కాదు.

మన కంపు కూడా అలాంటిదే. పాత తెలుగు కావ్యాల్లో పువ్వుకూ కంపు ఉండేది. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే సువాసనే. పాత ఇంగ్లీషులో స్టింక్‌కు మూలమైన క్రియకు కూడా వాసన వేయడం అనే అర్థమే ఉండేది, మంచి వాసనైనా సరే. రెండు దూరపు భాషల్లో రెండు మాటలు ఒకే దారిలో దిగజారాయి. డీర్ ఇంకో రకం. మొదట్లో అది ఏ జంతువుకైనా వాడే మాట, తర్వాత జింకకే పరిమితమైంది. సంస్కృతంలో మృగం అడవి జంతువు, జింక కూడా. మృగరాజు అన్నప్పుడు మొదటి అర్థం, మృగశిర అన్నప్పుడు రెండోది. వేటలో ఎక్కువగా దొరికే జంతువుకే మొత్తం జంతువుల పేరు అంటుకోవడం ఇంగ్లండు అడవుల్లోనూ ఇక్కడి అడవుల్లోనూ జరిగింది.

శాలరీ గురించి కూడా ఒక మాట. రోమన్ సైనికులకు జీతం ఉప్పు రూపంలో ఇచ్చేవారని అందరూ చెబుతారు. లాటిన్ సలారియుమ్‌లో ఉప్పు ఉన్నమాట నిజం. సైనికులకు ఉప్పు కొలిచి జీతంగా ఇచ్చినట్టు ప్రాచీన ఆధారం ఏదీ లేదు. తిన్న ఉప్పుకు ద్రోహం చేయకూడదనే మాట మన దగ్గర ఉంది కాబట్టి ఆ కథ మనకు మరీ సులువుగా నచ్చుతుంది.

2017లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు భారతీయ భాషల నుంచి దాదాపు 70 మాటలను కొత్తగా చేర్చింది. వాటిలో అన్న ఒకటి. తెలుగు, తమిళం మాట్లాడేవాళ్లు పెద్ద సోదరుణ్ణి, గౌరవించదగ్గ మగవాణ్ణి పిలిచే పిలుపుగా అందులోకి వెళ్లింది. అదే స్పెల్లింగుతో ఆ నిఘంటువులో ఎప్పటినుంచో మరో మాట ఉంది. రూపాయిలో పదహారో వంతైన అణా అది, హిందీ నుంచి వెళ్లింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండూ ఒకటే. నిఘంటువులో మాత్రం ఎవరి వాక్యాలు వాళ్లకు, ఎవరి తేదీలు వాళ్లకు విడివిడిగా ఉన్నాయి.